ఆరు కోట్ల ఉద్యోగాలు: అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఉపాధి హామీ పుట్టిన తీరు

నిరుద్యోగం తగ్గిస్తాను, కొత్త ఉద్యోగాలు కల్పిస్తాను అంటూ అధ్యక్ష పదవికి పోటీ చేసే ప్రతి అభ్యర్థీ ఒక ప్రణాళిక ప్రకటించడం అమెరికా ఎన్నికల్లో ఇవాళ తప్పనిసరి తంతు. ఈ ఆనవాయితీకి ఇంకా వందేళ్లు నిండలేదు. 1932 దాకా, పని లేనివాడికి పని చూపించడం ఫెడరల్ ప్రభుత్వం బాధ్యతేనని గట్టిగా చెప్పిన పెద్ద పార్టీ ఆ దేశంలో లేదు. మునిసిపాలిటీలు, చర్చిలు, దాతల సంఘాలు, చివరికి చుట్టాలు చూసుకోవాల్సిన వ్యవహారంగానే దాన్ని భావించేవారు. వాషింగ్టన్‌కు దానితో సంబంధం లేదన్నది రెండు పార్టీల్లోనూ స్థిరపడిన అభిప్రాయం.

ఆ అభిప్రాయం ఎంత గట్టిదో తెలియాలంటే 1887 నాటి సంగతి ఒకటి చాలు. కరువు పాలైన టెక్సాస్ రైతులకు విత్తనాలు కొనిపెట్టడానికి అమెరికా కాంగ్రెస్ పదివేల డాలర్లు మంజూరు చేసింది. అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఆ బిల్లును వీటో చేశాడు. ప్రజలు ప్రభుత్వాన్ని పోషించాలి తప్ప, ప్రభుత్వం ప్రజలను పోషించడం సరికాదన్నది ఆయన వాదన. ఆరేళ్ల తర్వాత, 1893లో బ్యాంకులూ రైల్వే కంపెనీలూ కుప్పకూలి లక్షలమంది వీధిన పడ్డప్పుడు గద్దె మీద ఉన్నది కూడా క్లీవ్‌లాండే. ఒహాయో రాష్ట్రం మాసిలన్ పట్టణానికి చెందిన జేకబ్ కాక్సీ అనే వ్యాపారి 1894 వసంతంలో నిరుద్యోగులను వెంటబెట్టుకుని వాషింగ్టన్‌కు కాలినడకన బయలుదేరాడు. 50 కోట్ల డాలర్ల కాగితపు డబ్బు అచ్చువేసి, దానితో దేశమంతా రోడ్లు వేయించి, పని అడిగినవాళ్లకు కూలి ఇవ్వాలని ఆయన కోరాడు. రాజధానిలో ఆయనకు దక్కింది అరెస్టు. నేరం, కాంగ్రెస్ భవనం ముందున్న పచ్చిక తొక్కడం.

ఆ తర్వాతి ఎన్నికల్లోనూ అభ్యర్థులు నేరుగా ఉద్యోగాలిస్తామని అనలేదు. 1900లో రిపబ్లికన్ విలియం మెకిన్లీ ప్రచారానికి కార్మికుడి నిండు అన్నం క్యారియర్ గుర్తుగా మారిందంటే, దాని అర్థం వేరు. దిగుమతి సుంకాలు, బంగారంతో ముడిపడ్డ డాలరు భద్రంగా ఉంటే ఫ్యాక్టరీలు నడుస్తాయి, నడిస్తే క్యారియర్ దానంతట అదే నిండుతుందని. పని ఇచ్చేది యజమాని, ప్రభుత్వం చేయాల్సింది యజమానికి అడ్డు రాకపోవడం. ఇరవయ్యో శతాబ్దం మొదటి మూడు దశాబ్దాల ఎన్నికల ప్రసంగాల సారం దాదాపు ఇదే.

1928లో రిపబ్లికన్ అభ్యర్థిగా నిలిచిన హెర్బర్ట్ హూవర్ అప్పటికే ప్రపంచ ప్రసిద్ధుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం ప్రజలకు తిండి అందించిన మనిషి. వాణిజ్య మంత్రిగా 1921లో నిరుద్యోగంపై జాతీయ సదస్సు నడిపిందీ ఆయనే. అభ్యర్థిత్వం అంగీకరిస్తూ చేసిన ప్రసంగంలో, పేదరికంపై తుది విజయానికి అమెరికా మునుపెన్నడూ లేనంత దగ్గరగా వచ్చిందని చెప్పాడు. ప్రతి కుండలో కోడికూర అనే హామీని ఈనాటికీ హూవర్ నోట పెడుతుంటారు గానీ, ఆ మాట ఆయన అన్నది కాదు. పార్టీ మద్దతుదారులు పత్రికల్లో వేయించిన ప్రకటనలోది. తర్వాత నాలుగేళ్లూ ఆ కోడి ఆయనను వెంటాడింది.

1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కూలింది. ఆర్థికవేత్తలు తర్వాత వేసిన లెక్కల ప్రకారం 1929లో 3.2 శాతం ఉన్న నిరుద్యోగం 1933 నాటికి 24.9 శాతానికి చేరింది. అంటే సుమారు 1.28 కోట్ల మంది. అయితే ఇవన్నీ వెనక్కి తిరిగి చూసి కట్టిన లెక్కలు. ఆ రోజుల్లో నెలనెలా నిరుద్యోగులను లెక్కపెట్టే పద్ధతే లేదు. 1930 జనవరిలో ఉపాధి పుంజుకుంటోందని హూవర్ ప్రకటిస్తే, న్యూయార్క్ రాష్ట్ర కార్మిక శాఖ అధిపతి ఫ్రాన్సిస్ పెర్కిన్స్ తన దగ్గరున్న అంకెలు తీసి అది తప్పని పత్రికలవాళ్లకు చెప్పింది. ఆమెను ఆ పదవిలో నియమించిన గవర్నరు పేరు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్.

హూవర్ చేతులు కట్టుకు కూర్చున్నాడనడం అన్యాయం. కొలరాడో నదిపై భారీ ఆనకట్ట పనులు 1931లో ఆయన హయాంలోనే మొదలయ్యాయి. బ్యాంకులకు, రైల్వేలకు అప్పులివ్వడానికి 1932 జనవరిలో పునర్నిర్మాణ ఆర్థిక సంస్థ ఏర్పాటైంది. ఆ ఏడాది జూలైలో రాష్ట్రాలకు సహాయం కోసం 30 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చే చట్టంపై కూడా ఆయన సంతకం చేశాడు. కానీ వ్యక్తికి వాషింగ్టన్ నుంచి నేరుగా డబ్బు గానీ పని గానీ అందడం ఆయనకు ససేమిరా గిట్టలేదు. అలా చేస్తే మనిషి స్వశక్తి చచ్చిపోతుందని నిజాయితీగానే నమ్మాడు. జనం మాత్రం నగరాల అంచుల్లో రేకులతో, అట్టముక్కలతో వేసుకున్న గుడిసెల పేటలకు ఆయన పేరే పెట్టారు, హూవర్‌విల్ అని.

న్యూయార్క్‌లో రూజ్‌వెల్ట్ వేరే దారి పట్టాడు. 1931 ఆగస్టులో రాష్ట్ర శాసనసభను ప్రత్యేకంగా సమావేశపరచి, నిరుద్యోగులకు సాయం చేయడం దానధర్మం కాదని, సమాజం తీర్చాల్సిన బాధ్యతని చెప్పాడు. 2 కోట్ల డాలర్లతో తాత్కాలిక అత్యవసర సహాయ సంస్థ ఏర్పాటైంది. ఇలాంటి సంస్థ ఏ రాష్ట్రంలోనైనా రావడం అదే మొదలు. దాని నిర్వహణ హ్యారీ హాప్కిన్స్ అనే సాంఘిక సేవా కార్యకర్త చేతికి వచ్చింది. పనిలో పనిగా గవర్నరు తనకు ఇష్టమైన అడవుల పెంపకంలోనూ 1932లో పదివేల మంది దాకా నిరుద్యోగులను దింపాడు. తర్వాత జాతీయ స్థాయిలో జరిగిన వాటిలో రెండింటికి, అంటే ప్రభుత్వ కూలి పనులకూ అడవి శిబిరాలకూ, మొలకలు ఇక్కడే కనిపిస్తాయి. ఎన్నికల ప్రసంగాలకన్నా ఆయన గవర్నరుగా చేసిన పనే రాబోయే కాలానికి మెరుగైన ఆనవాలు.

ఎందుకంటే 1932 ప్రచారంలో డెమోక్రటిక్ అభ్యర్థి రూజ్‌వెల్ట్ చెప్పిన మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. ఏప్రిల్ 7న రేడియోలో పది నిమిషాల ప్రసంగం చేస్తూ, ఆర్థిక పిరమిడ్ అడుగున నలిగిపోతున్న మనిషిని ప్రభుత్వం మరచిపోయిందని, కోలుకోవడం కింది నుంచి పైకి జరగాలని అన్నాడు. సొంత పార్టీవాడే అయిన ఆల్ స్మిత్, 1928లో పోటీ చేసి ఓడిన నాయకుడు, ఇది వర్గాల మధ్య చిచ్చుపెట్టే మాటలని మండిపడ్డాడు. మే 22న జార్జియాలోని ఓగిల్‌థోర్ప్ విశ్వవిద్యాలయంలో, దేశానికి ధైర్యంతో కూడిన ఎడతెగని ప్రయోగాలు కావాలని, ఒక పద్ధతి పట్టి చూసి, అది పనిచేయకపోతే ఒప్పుకుని మరొకటి ప్రయత్నించాలని చెప్పాడు. ఏ ప్రయోగాలో మాత్రం చెప్పలేదు. కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యులు రేమండ్ మోలీ, రెక్స్‌ఫర్డ్ టగ్‌వెల్, అడాల్ఫ్ బర్లీ ఆయనకు సలహాదారులు. వాళ్లలో వాళ్లకే చాలా విషయాల్లో ఏకాభిప్రాయం లేదు.

పార్టీ తనను ఎంపిక చేసిందని వారాల తర్వాత ఎవరో వచ్చి లాంఛనంగా తెలియజేసేదాకా అభ్యర్థి ఇంటిదగ్గరే ఉండడం అప్పటి మర్యాద. రూజ్‌వెల్ట్ ఆ మర్యాదను పక్కనబెట్టి, జూలై 2న ఆల్బనీ నుంచి విమానంలో షికాగో మహాసభకు చేరుకున్నాడు. పోలియోతో కాళ్లు చచ్చుబడిన మనిషి కుదుపుల విమానంలో అంతదూరం రావడమే సగం ప్రచారం. అమెరికా ప్రజలకు న్యూ డీల్ ఇస్తానని ప్రతిజ్ఞ చేసింది ఆ వేదిక మీదే. ఆ ప్రసంగంలో ఉపాధి గురించి నికరమైన ప్రతిపాదన ఒక్కటే ఉంది: బీడుపడ్డ కోట్ల ఎకరాల్లో చెట్లు నాటే పనికి పది లక్షల మందిని పెట్టవచ్చునన్నది. హూవర్ ప్రభుత్వంలో వ్యవసాయ మంత్రి ఆర్థర్ హైడ్ ఈ లెక్కను ఎద్దేవా చేశాడు.

మరి పార్టీ ప్రణాళికలో ఏముంది? నిరుద్యోగ బీమా, వృద్ధాప్య బీమా రాష్ట్రాల చట్టాల ద్వారా రావాలని ఉంది. ప్రజాపనులు విస్తరించాలని ఉంది. వాటన్నిటికన్నా ముందు, ప్రభుత్వ ఖర్చును కనీసం 25 శాతం కోసేయాలని, బడ్జెట్‌ను ఏటా సమతూకంలో ఉంచాలని ఉంది. అక్టోబరు 19న పిట్స్‌బర్గ్‌లో రూజ్‌వెల్ట్ ఈ ఖర్చు తగ్గింపునే పట్టుకుని, హూవర్ దుబారా మనిషని దుమ్మెత్తిపోశాడు. ఆకలితో ఉన్నవాళ్ల కోసం అవసరమైతే అదనంగా ఖర్చుపెట్టడానికి వెనుకాడనని ఒక మినహాయింపు జోడించాడు గానీ, దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఎన్నికలకు వెళ్తూ, ఆ పిట్స్‌బర్గ్ ప్రసంగానికి ఇప్పుడు ఏమని సంజాయిషీ చెప్పుకోవాలని అధ్యక్షుడు తన ప్రసంగాల రచయిత శామ్యూల్ రోసెన్‌మన్‌ను అడిగితే, అసలు పిట్స్‌బర్గ్‌లో ఎప్పుడూ కాలే పెట్టలేదని బుకాయించడం ఒక్కటే మార్గమని ఆయన సలహా ఇచ్చాడట.

స్పష్టమైన ఉపాధి ప్రణాళిక కావాలనుకున్న ఓటరు వెతకాల్సింది చిన్న పార్టీల దగ్గర. సోషలిస్టు అభ్యర్థి నార్మన్ థామస్ సహాయానికి, ప్రజాపనులకు కలిపి వెయ్యి కోట్ల డాలర్లు, నిర్బంధ నిరుద్యోగ బీమా, పని గంటల కోత అడిగాడు. ఆయనకు 8.8 లక్షల ఓట్లు వచ్చాయి. కమ్యూనిస్టు అభ్యర్థి విలియం ఫాస్టర్‌కు వచ్చినవి లక్ష పైచిలుకు. పచ్చిక తొక్కి అరెస్టయిన జేకబ్ కాక్సీ కూడా ఫార్మర్-లేబర్ పార్టీ తరఫున ఆ ఏడాది అధ్యక్ష పదవికి పోటీ పడ్డాడు. పెద్ద మాంద్యం మధ్యలో జరిగిన ఎన్నికలో ఇంత తక్కువ ఓట్లా అనిపిస్తుంది. జనం ఓటేసింది ప్రణాళికకు కాదు. హూవర్‌ను దించాలని వేశారు. నవంబరు 8న రూజ్‌వెల్ట్‌కు 2.28 కోట్ల ఓట్లు, 48 రాష్ట్రాల్లో 42 రాష్ట్రాలు దక్కాయి.

గెలిచిన అభ్యర్థి పదవి చేపట్టడానికి అప్పట్లో మార్చి 4 దాకా ఆగాలి. ఆ నాలుగు నెలల్లో బ్యాంకులు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. ప్రమాణ స్వీకార ప్రసంగంలో కొత్త అధ్యక్షుడు, జనాన్ని పనిలో పెట్టడమే అన్నిటికన్నా పెద్ద కర్తవ్యమని, యుద్ధకాలంలో లాగా ప్రభుత్వమే నేరుగా పనివాళ్లను చేర్చుకోవాల్సి రావచ్చని చెప్పాడు. ప్రచారంలో ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు. పైగా రెండు వారాలకే, మాజీ సైనికుల పింఛన్లు, ప్రభుత్వోద్యోగుల జీతాలు కోసేసే చట్టం మీద సంతకం చేశాడు. పొదుపు హామీ, పని హామీ రెండూ ఒకేసారి అమలు కావడం మొదలైంది.

షికాగోలో చెప్పిన అడవి పని అన్నిటికన్నా ముందు కార్యరూపం దాల్చింది. మార్చి 21న కాంగ్రెస్‌కు ప్రతిపాదన వెళ్తే, 31న చట్టమైంది. ఏప్రిల్ 7న మొదటి యువకుడు చేరాడు. ఆ నెలలోనే వర్జీనియా అడవిలో మొదటి శిబిరం వెలిసింది. జూలై నాటికి శిబిరాల్లో రెండున్నర లక్షల మందికి పైగా ఉన్నారు. ఇంత వేగం సాధ్యమైంది కొత్త శాఖ పెట్టకుండా ఉన్నవాటినే కలిపి నడిపించడం వల్ల. కుర్రాళ్లను ఎంపిక చేసేది కార్మిక శాఖ. గుడారాలు, తిండి, క్రమశిక్షణ సైన్యానివి. ఏ పని ఎక్కడ చేయాలో చెప్పేది అటవీ శాఖ, పార్కుల శాఖ. సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే ఈ పథకంలో చేరినవాడికి నెలకు 30 డాలర్లు. అందులో 25 నేరుగా ఇంటికి పంపేవారు. అర్హత 18 నుంచి 25 ఏళ్ల లోపు, పెళ్లికాని, సహాయం పొందుతున్న కుటుంబంలోని మగపిల్లలకు.

రోజుకు డాలరు కూలి ఏమిటి, సైన్యం కింద పనేమిటి అని అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ అధ్యక్షుడు విలియం గ్రీన్ అభ్యంతరం చెప్పాడు. రూజ్‌వెల్ట్ వాదించలేదు. కార్మిక సంఘ నాయకుడు రాబర్ట్ ఫెక్నర్‌నే తీసుకొచ్చి పథకానికి అధిపతిని చేశాడు. రాజకీయం తెలిసినవాడి పని అది. 1942లో ముగిసేనాటికి సుమారు 30 లక్షల మంది ఈ శిబిరాల్లో గడిపారు, 300 కోట్ల మొక్కలు నాటారు. కార్చిచ్చులు ఆర్పారు, పార్కుల్లో బాటలు వేశారు. అక్షరం ముక్క రాకుండా వచ్చిన వేలమంది చదవడం రాయడం నేర్చుకుని వెళ్లారు. నల్లజాతి యువకులను చేర్చుకున్నారు గానీ, చాలామందిని వేరే శిబిరాల్లో ఉంచారు.

పెద్దవాళ్ల సంగతి హాప్కిన్స్‌కు అప్పగించారు. 1933 మేలో ఫెడరల్ అత్యవసర సహాయ సంస్థకు 50 కోట్ల డాలర్లు కేటాయిస్తే, బల్ల ముందు కూర్చున్న రెండు గంటల్లోనే ఆయన రాష్ట్రాలకు 50 లక్షలకు పైగా పంపేశాడు. కాలక్రమంలో పరిస్థితులు వాటంతట అవే చక్కబడతాయని వాదించిన వాళ్లకు, జనం కాలక్రమంలో తినరని, రోజూ తింటారని జవాబిచ్చాడు. అదే ఏడాది మంత్రి హెరాల్డ్ ఇకీస్ చేతికి 330 కోట్ల డాలర్ల ప్రజాపనుల సంస్థ వచ్చింది. ఇకీస్ ప్రతి కాంట్రాక్టూ తానే చదివేవాడు, పైసా తేడా రానిచ్చేవాడు కాదు. వంతెనలు, ఆనకట్టలు గట్టిగా వచ్చాయి, కానీ ఆలస్యంగా. చలికాలం ముంచుకొచ్చేసరికి ఆ డబ్బులో కొంత తనకిస్తే నలభై లక్షల మందికి వెంటనే పని చూపిస్తానన్నాడు హాప్కిన్స్. నవంబరులో మొదలైన సివిల్ వర్క్స్ అడ్మినిస్ట్రేషన్ 1934 జనవరి కల్లా ఆ మాట నిలబెట్టుకుంది. దాదాపు 40 వేల పాఠశాలలను కట్టడమో బాగుచేయడమో జరిగింది. దేశ శ్రామిక శక్తిలో సుమారు పన్నెండో వంతు మందికి రెండు మూడు నెలల్లో పని చూపడం ప్రపంచ చరిత్రలోనే అరుదు. ఖర్చు చూసి రూజ్‌వెల్ట్ భయపడ్డాడు. మార్చి నెలాఖరుకు దాన్ని మూసేయించాడు.

ఏడాది గడిచేసరికి ఆయన అభిప్రాయం ఒక కొలిక్కి వచ్చింది. ఊరికే డబ్బు పంచడం మత్తుమందు లాంటిదని, మనిషిని లోలోపల తినేస్తుందని 1935 జనవరిలో కాంగ్రెస్‌తో అన్నాడు. పని చేయగలవాడికి పని, చేయలేనివాడి భారం రాష్ట్రాలకు. ఏప్రిల్‌లో 488 కోట్ల డాలర్ల కేటాయింపు, మేలో వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ వచ్చాయి. డబ్ల్యూపీఏ అనే మూడక్షరాలతోనే ఆ సంస్థ పేరు పడింది. తెలుగు పాఠకులకు దీన్ని మన కరువు పనులతో పోల్చి చెప్పడం తేలికే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1877–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం అలాంటిదే. కానీ కరువు పని మట్టి పని. డబ్ల్యూపీఏ మట్టి పనితో ఆగలేదు, మనిషి చేతిలో ఏ పని ఉంటే ఆ పనే ఇవ్వాలని చూసింది.

రోడ్ల లెక్క 6.5 లక్షల మైళ్లు, భవనాలు 1.25 లక్షలు, వంతెనలు 75 వేలకు పైన. న్యూయార్క్ లగార్డియా విమానాశ్రయం, ఓరెగాన్ కొండమీది టింబర్‌లైన్ లాడ్జి, టెక్సాస్ శాన్ ఆంటోనియోలో నది ఒడ్డు నడకబాట దాని చలవే. కుట్టు కేంద్రాల్లో ఆడవాళ్లు బట్టలు కుట్టి పేదలకు పంచారు. కెంటకీ కొండల్లో రోడ్డు లేని ఊళ్లకు స్త్రీలు గుర్రాల మీద, కంచరగాడిదల మీద పుస్తకాలు మోసుకెళ్లి ఇచ్చి వచ్చేవారు. పనిలేని నటులు నాటకాలు వేశారు, చిత్రకారులు బడుల్లో, ఆసుపత్రుల్లో గోడలమీద బొమ్మలు వేశారు.  చిత్రకారుడు జాక్సన్ పొలాక్ జీతం ఇక్కడిదే. రచయితల విభాగంలో రిచర్డ్ రైట్, రాల్ఫ్ ఎలిసన్, జోరా నీల్ హర్‌స్టన్, సాల్ బెలో పనిచేశారు. ఒకప్పుడు బానిసలుగా బతికి ఇంకా ప్రాణాలతో ఉన్న రెండువేల మందికి పైగా వృద్ధుల జ్ఞాపకాలను ఆ విభాగం రాసిపెట్టింది. ఇంకో పదేళ్లు ఆగితే అడగడానికి మనుషులే మిగిలేవారు కారు. వంతెనలకన్నా ఇదే ఎక్కువ విలువైన పని అనిపిస్తుంది.

జీతం ప్రాంతాన్ని బట్టి, నైపుణ్యాన్ని బట్టి నెలకు 19 నుంచి 94 డాలర్లు. ఇంటికి ఒక్కరికే పని. ఆ ఒక్కరూ చాలా చోట్ల మగవాడే అయ్యేవాడు. దక్షిణాదిలో పత్తి కోతల కాలం వస్తే నల్లజాతి కూలీలను పేర్లు కొట్టేసి పొలాలకు తోలిన సందర్భాలు ఉన్నాయి. పారల మీద చేతులానించి నిలబడే కూలీల మీద హాస్యగాళ్లు జోకులు వేసుకున్నారు. రాజకీయ దుర్వినియోగమూ జరిగింది. 1938లో కెంటకీ సెనేట్ సీటు పోటీలో డబ్ల్యూపీఏ కార్మికులపై ఒత్తిడి పెట్టారన్న గొడవ, ఫెడరల్ ఉద్యోగులు ఎన్నికల ప్రచారంలో పాల్గొనరాదన్న 1939 నాటి హ్యాచ్ చట్టానికి దారితీసింది. నాటక విభాగాన్ని కమ్యూనిస్టుల అడ్డా అని ముద్రవేసి కాంగ్రెస్ అదే ఏడాది మూయించింది.

అసలు లోపం మరొకటి. 1943లో ముగిసేదాకా మొత్తం 85 లక్షల మంది డబ్ల్యూపీఏలో పనిచేసినా, ఒకే సమయంలో గరిష్ఠంగా ఉన్నది 1938 చివర్లో 33 లక్షల మందే. పని అడిగిన ప్రతివాడికీ పని ఇవ్వాలన్న హక్కు అందులో ఎప్పుడూ లేదు. కాంగ్రెస్ ఎంత డబ్బిస్తే అంతమందికే. భారత పార్లమెంటు 2005లో చట్టం చేయగా, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకానికీ, డబ్ల్యూపీఏకూ ముఖ్యమైన తేడా అక్కడే ఉంది. గ్రామీణ కుటుంబం అడిగితే వంద రోజుల పని చట్టబద్ధంగా ఇవ్వాలన్న మాట రూజ్‌వెల్ట్ చట్టాల్లో దేనిలోనూ కనిపించదు.

మరి నిరుద్యోగం తగ్గిందా? తగ్గింది, పోలేదు. డబ్ల్యూపీఏ కూలీని నిరుద్యోగిగానే లెక్కించే పాత పద్ధతిలో 1937లో రేటు 14.3 శాతం. అతన్ని పనిలో ఉన్నవాడిగా లెక్కిస్తే, 1976లో మైకేల్ డార్బీ అనే ఆర్థికవేత్త చూపినట్లు, అది 9.2 శాతమే. రోజూ ఎనిమిది గంటలు రోడ్డు వేసి కూలి తీసుకున్న మనిషిని పనిలేనివాడని అనడం విచిత్రమే. అయితే ఆ 1937లోనే రూజ్‌వెల్ట్ తన పాత పిట్స్‌బర్గ్ మాటకు తిరిగి వెళ్లాడు. పరిస్థితి చక్కబడిందని నమ్మి పథకాల ఖర్చు తగ్గించాడు. అదే సమయంలో కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వు మిగతా బ్యాంకులపై పట్టు బిగించింది, వృద్ధాప్య బీమా కోసం సోషల్ సెక్యూరిటీ పన్నుల వసూలు మొదలైంది. మరుసటి ఏడాది నిరుద్యోగం పాత లెక్కన 19 శాతానికి ఎగబాకింది. 1938 వసంతంలో మళ్లీ ఖర్చుకు తెరతీయక తప్పలేదు. చివరికి పని సమస్యను తీర్చింది రెండో ప్రపంచ యుద్ధ ఫ్యాక్టరీలు. 1944లో నిరుద్యోగం 1.2 శాతం. ఆ ఫ్యాక్టరీల తలుపులు కూడా నల్లజాతివారికి వాటంతట అవి తెరుచుకోలేదు. వాషింగ్టన్‌పై లక్షమందితో కదం తొక్కుతామని కార్మిక నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ హెచ్చరించాకే, రక్షణ పరిశ్రమల్లో వివక్షను నిషేధిస్తూ 1941 జూన్‌లో ఉత్తర్వు వెలువడింది.

యుద్ధం ముగిస్తే మళ్లీ 1932 వస్తుందేమోనన్న భయం 1944 ఎన్నికల్లో ఒక పెద్ద అంశం. ఆ జనవరిలోనే రూజ్‌వెల్ట్, ఉపయోగకరమైన, తగిన జీతం ఉన్న ఉద్యోగం పొందడాన్ని పౌరుడి హక్కుల జాబితాలో మొదట చేర్చాడు. అక్టోబరు 28న షికాగో సోల్జర్ ఫీల్డ్‌లో మరో అడుగు వేసి, యుద్ధానంతరం సుమారు ఆరు కోట్ల ఉద్యోగాలుంటాయని హామీ ఇచ్చాడు. అధ్యక్ష అభ్యర్థి నోట అంకెతో కూడిన ఉద్యోగాల హామీ అంత పెద్ద స్థాయిలో రావడానికి ఇదే నమూనా. రిపబ్లికన్ ప్రత్యర్థి థామస్ డ్యూయీ కూడా అందరికీ పని అన్న లక్ష్యాన్ని కాదనలేదు. పన్నెండేళ్లలో వాదన ఎంత జరిగిందో ఆ ఒక్క సంగతి చెబుతుంది.

రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్‌లో మరణించాడు. ఆ ఏడాది సెనేట్ 71–10 ఓట్లతో ఆమోదించిన సంపూర్ణ ఉపాధి బిల్లు, ప్రతినిధుల సభలో నీరుగారిపోయింది. 1946 ఫిబ్రవరి 20న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన చట్టంలో సంపూర్ణం అన్న మాట గానీ, ఉద్యోగ హక్కు గానీ లేవు. గరిష్ఠ ఉపాధి కోసం ప్రభుత్వం కృషి చేయాలని, ఆర్థిక సలహాదారుల మండలి ఉండాలని మాత్రం ఉంది. ఆరు కోట్ల ఉద్యోగాల మాట మాత్రం 1947లో నిజమైంది, ఎక్కువగా ప్రైవేటు కంపెనీల్లోనే.

తర్వాతి అభ్యర్థుల ప్రణాళికలు ప్రభుత్వమే పూనుకోవడం, ప్రైవేటు కంపెనీలకు వదిలేయడం అనే రెండు దారుల మధ్యే ఊగుతూ వచ్చాయి. 1960లో వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల ప్రాంతాల్లో యంత్రాలొచ్చి పని పోయిన కుటుంబాలను చూసిన జాన్ కెనెడీ, గెలిచాక వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి చట్టం తెచ్చాడు. 1978 నాటి హంఫ్రీ–హాకిన్స్ చట్టం నిరుద్యోగాన్ని 4 శాతానికి దించాలని లక్ష్యం రాసుకుంది, దాన్ని చేరే సాధనం మాత్రం ఇవ్వలేదు. 1980లో రోనాల్డ్ రీగన్ పన్నులు తగ్గిస్తే ఉద్యోగాలు అవే వస్తాయన్న పాత మెకిన్లీ బాటకు మళ్లాడు. 2012లో మిట్ రామ్నీ నాలుగేళ్లలో 1.2 కోట్ల ఉద్యోగాలన్నాడు, ఓడిపోయాడు. 1933 శీతాకాలంలో హాప్కిన్స్ చేసినట్లు నెలల్లో లక్షలమందిని ప్రభుత్వమే పనిలోకి తీసుకుంటానని ఆ తర్వాత గెలిచిన అభ్యర్థి ఒక్కడూ అనలేదు.

ఈ హామీలన్నిటినీ జనం కొలిచి చూసే అంకె కూడా ఆ కాలం మిగిల్చినదే. దేశమంతటా నమూనా కుటుంబాలను నెలనెలా అడిగి నిరుద్యోగ రేటు కట్టే సర్వేను 1940 మార్చిలో మొదలుపెట్టింది డబ్ల్యూపీఏ. 1942లో అది సెన్సస్ బ్యూరో చేతికి వెళ్లింది. ఇప్పుడు సుమారు 60 వేల కుటుంబాలను ఆధారం చేసుకుని, సాధారణంగా నెలలో మొదటి శుక్రవారం వెలువడే ఆ రేటును కార్మిక గణాంకాల సంస్థ ప్రకటిస్తుంది.